నిలబడ్డ బండికి బ్రేకు

మా బావ కారు నడిచిన కిలోమీటర్లకంటే, ఆ కారు గురించి ఆయన ఫోన్లో మాట్లాడిన నిమిషాలు ఎక్కువ. ఈ లెక్క వేసింది నేనే కాబట్టి నమ్మవచ్చు.

నేను బడిలో నేర్చుకున్నది తక్కువ. సిరిసిల్లలో సాంచాల మధ్య పెరిగాను. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. అంగుళానికి ఎన్ని పోగులు పడితే గుడ్డ నిలుస్తుందో, ఒక బీముకు ఎంత నూలు చుట్టాలో అక్కడే చూసి చూసి పట్టుకున్నాను. అప్పటి నుంచి చుట్టాల్లో లెక్కల మనిషినన్న పేరు స్థిరపడింది. పెళ్లికి ఎంత బియ్యం పొయ్యాలో, స్లాబుకు ఎంత కంకర పడుతుందో నన్ను అడుగుతారు. శ్రద్ధగా వింటారు. తర్వాత తమకు తోచినట్టు చేసుకుంటారు.

బావ అంటే మా చెల్లెలి భర్త. కోరుట్ల మనిషి అయినా పని కోసం సిరిసిల్ల వచ్చి, మా పక్క సాంచాల మీదే నేసేవాడు. సాంచాలు నడిచినన్నాళ్లు పక్కవాడి మాట వినపడదని అందరం తిట్టుకునేవాళ్లం. అవి ఆగిపోయాక అందరి మాటలూ వినపడ్డాయి. ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట, దుబాయి. మా వైపు దుబాయి అంటే దుబాయే కానక్కర్లేదు. ఎడారి ఉండి, మన పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టుకునే ఏ దేశమైనా దుబాయే. అట్లా బావ కూడా దుబాయి పోయాడు. కోరుట్లలో ఇల్లు కట్టాడు. తర్వాత, ఇంటి ముందు జాగా ఖాళీగా కనిపించిందేమో, కారు కొన్నాడు.

మామూలు కారు కాదు. తాళంచెవి తిప్పే పని లేదు, బటన్ నొక్కితే చాలు. గేర్లు అదే వేసుకుంటుంది. డిక్కీ కూడా బటన్‌తోనే తెరుచుకుంటుంది. ఇంజన్ చప్పుడు వినాలంటే చెవి పెట్టాలి. ఇన్ని పనులు అదే చేసుకునే కారుకు నడవడం ఒక్కటే రాలేదు, ఎందుకంటే నడిపే మనిషి ఎడారిలో ఉన్నాడు.

మొదట్లో వారానికోసారి కారును తిప్పడానికి చందుర్తి నుంచి వచ్చి కోరుట్లలో ఉంటున్న ఒక డ్రైవరును పెట్టారు. మంచివాడు, బండిని జాగ్రత్తగా చూసుకున్నాడు. కానీ అతనికీ వీసా వచ్చింది. బావ కారు నడిపే మనిషి కూడా చివరికి బావ ఉన్న చోటికే పోయాడు. పోయే ముందు కారు ముక్కు ఎదురింటి గేటు వైపు అడ్డంగా వచ్చేట్టు నిలిపి, కవరు కప్పి పోయాడు.

అప్పుడు బావ మా చెల్లెలికి ఫోన్లో ఉపాయం చెప్పాడు. చాలు చేయడమంటే మా వైపు స్టార్టు చేయడం.

"శుక్రారం శుక్రారం బండి చాలు చేసి అరగంట ఉంచు. ఊకె ఉంటే బ్యాటరీ చస్తది."

"నాకు బండి నడుపరాదు గదా?"

"నడుపుమన్ననా? బటన్ నొక్కుమన్న. గంతే."

మా చెల్లెలు చెప్పిన పనికంటే ఎక్కువే చేసే మనిషి. శుక్రవారం తలస్నానం చేసి, కారుకు పసుపు కుంకుమ పెట్టి, లోపల కూర్చుని బటన్ నొక్కేది. ముందు పలకంతా దీపాలు వెలిగేవి. గాలి వచ్చేది. దేవుడి పాట మొదలయ్యేది. ఫోన్ తిప్పి అన్నీ బావకు చూపించేది. అవతల బావ, ఆయనతో బజారుకొచ్చిన గదివాళ్లు, ఆ దీపాలను కళ్లారా చూసుకునేవాళ్లు.

"చూసినవా, ఇంజన్ సప్పుడే లేదు!" అని బావ గదివాళ్లకు చెప్పడం నేనే ఒకసారి విన్నాను. "గందుకే గిసొంటి బండి కొన్న."

కొన్ని వారాలకు బావకు పచ్చకామెర్లు వచ్చాయి. అక్కడి ఎండలో పని చేయలేక ఇంటికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి మంచం మీదే. పథ్యం తిండి, చేదు మందు, పడక. శుక్రవారం నాడు మాత్రం కిటికీలోంచి కారు పాట వినపడుతుంటే ఆయన మొహంలో కొంచెం రంగు వచ్చేది. కొత్త రంగు, పసుపు కానిది.

కంపెనీ ఒకసారి సెలవు పెంచింది. రెండోసారీ పెంచింది. మూడోసారి మాత్రం, ఈ తేదీ విమానం ఎక్కకపోతే వీసా రద్దు చేస్తామంది. వీసా పోతే పని పోయినట్టే. సిరిసిల్లకు తిరిగి వద్దామంటే ఇక్కడ ఉన్నవాళ్లకే పని లేదు. కాబట్టి ఇంకా పూర్తిగా లేవని మనిషి లేచి నిలబడ్డాడు. సాయంత్రం దాటాక హైదరాబాద్‌లో విమానం. సాగనంపడానికి నేను ముందు రోజే సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాను.

బస్సులోనే హైదరాబాద్ పోదామని నేను అన్నాను. బావ నా వైపు జాలిగా చూశాడు.

"ఇంటి ముంగట కారు పెట్టుకొని బస్సుల పోతే నలుగురు ఏమంటరు బావా? నేనే నడుపుకుంట పోత. నా బండి ఒక్కసారన్న నేను నడుపద్దా?"

"మరి మళ్ల వాపసు ఎవలు తెస్తరు?"

"గది అప్పుడు చూద్దాం తియ్."

నాకు తెలిసిన లెక్కల్లో 'అప్పుడు చూద్దాం' అనే అంకె లేదు.

పొద్దున మంచి గడియ చూసి బయలుదేరారు. అంతకు ముందే కారు కవరు తీసి, చెల్లెలు దీపాలు, పాట, గాలి అన్నీ పెట్టేసింది. చుట్టాలు వంతులవారీగా దాని ముందు ఫోటోలు దిగారు. సామాను డిక్కీలో పెట్టారు. పాస్‌పోర్టు, టికెట్టు ఉన్న చేతిసంచిని కూడా బావ అందులోనే పెట్టి మూశాడు. ఇంతమంది తిరిగే చోట చేతిలో ఉంటే భద్రం కాదట.

మా వైపు దూరం పోయేవాడికి ఎవరైనా ముత్తైదువ నీళ్ల బిందెతో ఎదురు రావాలి. గడప దాటినవాడు మళ్లీ ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఎదురింటి చిన్నమ్మ బిందె నెత్తిన పెట్టుకుని నవ్వుతూ ఎదురు వచ్చింది. బావ గడప దాటి, దండం పెట్టి, కార్లో కూర్చుని, బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు.

టకటకమంది. ఇంకోసారి నొక్కాడు. టక్కుమంది. దీపాలు మసకబారాయి. పాట మధ్యలో తెగింది. దేవుడి పేరు సగమే వినపడింది.

ఆ తర్వాత వీధిలో ప్రతి ఒక్కరూ ఒకసారి బటన్ నొక్కారు. ఒకాయన గట్టిగా, ఒకాయన మెల్లగా, ఒకామె దండం పెట్టి. నొక్కినకొద్దీ కారులో మిగిలిన కాస్త ప్రాణమూ పోయింది. చివరికి డిక్కీ బటన్ కూడా పలకలేదు. అప్పటికి గాని బావకు గుర్తు రాలేదు, పాస్‌పోర్టు ఎక్కడుందో.

ఇక బస్సులో పోదామన్నా పోలేడు. ఆటోలో పోదామన్నా పోలేడు. డిక్కీకి తాళంచెవి రంధ్రం లేదు. వెనక సీటు మడవడానికి లేదు. దొంగలకు అందకూడదని కట్టిన డిక్కీ, చెప్పినట్టే, ఎవరికీ అందలేదు.

"తోసుదాం పట్టుర్రి!" అన్నారెవరో. తోసి స్టార్టు చేసే కారు కాదని నేను చెబుతూనే ఉన్నాను. పదిమంది దాకా భుజాలు పెట్టారు. గేరు పార్కింగులో ఇరుక్కుని, కరెంటు లేకుండా కదలనంటోంది. ఒకాయన చెప్పు తెగింది. కారు చెక్కు చెదరలేదు.

"లారీ తెస్త," అన్నాడు ఇంకొకాయన. "దాంట్ల రెండు బ్యాటరీలుంటయి. తొందరగ లేస్తది."

"అది ఇరవై నాలుగు వోల్టులు. దీనికి పన్నెండే ఆనుతయి," అన్నాను.

"ఎక్కువుంటే మంచిదే గదా?"

"ఇది అన్నమైతే మంచిదే. కారుల కంపూటర్ గాలితే నువ్వు తింటవా?"

బావ కారు కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాడు. తెలుగు కోసం రెండు నొక్కమంది. నొక్కాడు. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "సార్, మీరు సురక్షితమైన ప్రదేశంలో ఉన్నారా?" అని అడిగింది.

"మా ఇంటి ముంగటనే ఉన్నమ్మా."

"సంతోషం సార్. మీ వాహనం ఎక్కడ ఉంది?"

"దాంట్లనే కూసున్న."

"జగిత్యాల నుంచి మా టెక్నీషియన్ గంటన్నరలో వస్తారు సార్."

జగిత్యాల నుంచి కోరుట్లకు సైకిల్ మీద వచ్చినా అంతే పడుతుంది. ఈ మాట పైకి అనలేదు, లెక్క మాత్రం వేసుకున్నాను. హైదరాబాద్ దాకా దారి, మధ్యలో ఆగే సమయం, విమానాశ్రయంలో వరుసలు, అన్నీ కూడి చూస్తే మధ్యాహ్నంలోగా కారు కదలాలి. చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు.

బావ స్టీరింగు మీద తల ఆనించి గొణిగాడు. "పొద్దుగాల ఎవల మొఖం ఎదురచ్చిందో ఏమో."

చిన్నమ్మ ఇంకా బిందెతో అక్కడే నిలబడి ఉంది. బిందెలో నీళ్లు మోరీలో గుమ్మరించి, ఇంట్లోకి పోయి, గేటు ధనేల్‌మని వేసుకుంది.

ఇది ఎందుకు పెద్ద పొరపాటో చెప్పాలి. ఆ ఇంటి కాక, అంటే చిన్నమ్మ భర్త, టెంటు సామాను కిరాయికి ఇస్తాడు. తాతల నాడు కల్లు గీయడానికి తాళ్లెక్కిన ఇల్లు, ఇప్పుడు పెళ్లిళ్లకు కుర్చీలు, లైట్లు, జనరేటరు ఇస్తారు. ఆయన వ్యాను పాతది. దాన్ని బావ 'డొక్కు' అనేవాడు. ఆ డొక్కు రోజూ పొద్దున బావ కారు ముక్కును తప్పించుకుని, అద్దం మడుచుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని గేట్లోంచి బయటికి వచ్చేది. ఆ రోజు అది బుగ్గారంలో పెళ్లికి సామాను వేసుకుని పోయింది. కానీ పాత జనరేటరు ఇంటి దగ్గరే ఉంది. సెల్ఫ్ స్టార్టరుది. దానికి పన్నెండు వోల్టుల బ్యాటరీ, బొటనవేలంత లావు వైర్లు. వీధి మొత్తంలో కారును లేపగలిగిన వస్తువు అదొక్కటే. అది ఇప్పుడే ధనేల్‌మన్న గేటు వెనకాల ఉంది.

"పోయి అడుగు," అన్నాను బావతో.

"గడప దాటిన. ఎట్ల దిగుత?"

"మీ ఇంట్లకు పోవద్దన్నరు గాని ఆళ్లింట్లకు పోవద్దనలేదు గదా."

శాస్త్రంలో ఇట్లాంటి సందు ఉందని ఆయనకు తట్టలేదు. దిగి, రోడ్డు దాటాడు. కాక గేటు తీయకుండానే, పైనుంచి చూస్తూ మాట్లాడాడు.

"ఏంది కొడుకా? డొక్కు బండి కావాల్నా?"

"బ్యాటరీ గావాలె కాకా. జనరేటర్‌ది."

"మీ చిన్నమ్మ మొఖం మంచిది గాదట గదా. ఆమె ఇంట్ల బ్యాటరీ మంచిగుంటదా?"

"నోరు జారిన కాకా."

"నాకెందుకు చెప్తవు? ఆమెకు చెప్పు."

బావ లోపలికి పోయాడు. ఏమన్నాడో మాకు వినపడలేదు. చాలాసేపటికి చిన్నమ్మ గొంతు వినపడింది. "సరె తియ్. మందు ఏసుకున్నవా? ముందుగాల గింత తిను." పచ్చకామెర్లవాడికి ఆమె మజ్జిగన్నం పెట్టి, తిన్నాక పంపింది. మధ్యాహ్నంలోగా అన్న నా లెక్కలో మజ్జిగన్నం లేదు.

కాక బ్యాటరీని భుజం మీద పెట్టుకుని తెచ్చాడు. దాని లావు వైర్లు విప్పడం బద్ధకమై, మొదట డెకరేషన్ లైట్ల సన్న తీగ పెట్టి చూశాడు. తీగ పొగలు కక్కింది. నేను చెప్పబోతుంటే, "ఆగు లెక్కల సారూ, నాకు తెలుసు," అని జనరేటరు వైర్లే విప్పి తెచ్చాడు. ఎరుపుకు ఎరుపు. నలుపును కారు బ్యాటరీకి పెట్టకుండా, ఇంజన్ ఇనుముకు బిగించాడు. కాసేపు అట్లాగే వదిలేశాడు.

చెల్లెలు ఆగలేకపోయింది. ముందు సీట్లో కూర్చుని బటన్ నొక్కేసింది. పలకంతా దీపాలు. గాలి. ఇందాక తెగిన పాట తెగిన చోట నుంచి మొదలైంది.

"అయింది! చాలు అయింది!" అని అరిచింది. కళ్లలో నీళ్లు.

కాక బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "పాట అచ్చింది బిడ్డా. ఇంజన్ ఏది?"

"ఇదే గదా కాకా. ఎప్పటికీ గిట్లనే చాలు చేస్త. శుక్రారం శుక్రారం. అరగంట."

పాట ఒక్కటే వినపడుతోంది. బావ కిటికీలోంచి లోపలికి వంగాడు.

"బ్రేకు తొక్కలే?"

"నిలవడ్డ బండికి బ్రేకు ఎందుకు?"

బావ బానెట్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నిజమే కదా, నిలబడ్డ బండికి బ్రేకు ఎందుకు? ఆలోచించి కట్టినవాణ్ణి అడగాలి. బ్రేకు తొక్కకుండా నొక్కితే ఇంజన్ లేవదు, దీపాలే వెలుగుతాయి. అంటే ఇన్ని శుక్రవారాలు ఆమె బ్యాటరీ చావకుండా ఉండాలని, పసుపు కుంకుమ పెట్టి మరీ, దాని ప్రాణం తీస్తూ వచ్చింది. ఆయన కళ్లారా చూసి మెచ్చుకున్నాడు.

"ఇన్నొద్దులు నాకు లైట్లే చూపిచ్చినవా?" అన్నాడు బావ. గొంతు పెరిగింది. "నా పని బోతే ఎట్లనే? లైట్లు చూసి నేను ఇంజన్ నడుస్తుందనుకున్న!"

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. మెల్లగానే అంది.

"నువ్వేం చూపిచ్చినవ్? ఫోన్ జేస్తే ఎప్పుడు చూసినా అద్దాల బజారు, ఏసీ, పూల కుండీలు. మనిషి ఇంటికచ్చినంక గదా తెలిసింది, కండ్లు పచ్చగైనయని. నేనేమన్న అడిగిన్నా, ఇంజన్ ఏదని?"

కాక గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, జర బ్రేకు తొక్కి నొక్కు. తగాదా తొవ్వల పెట్టుకుందురు."

ఆమె బ్రేకు తొక్కింది. నొక్కింది. కారు ఒకసారి వణికి, సన్నగా, దొంగలాగా లేచింది. డిక్కీ తెరుచుకుంది. బావ పరుగెత్తి చేతిసంచి తీసి గుండెకు ఆనించుకున్నాడు. వైర్లు తీశారు. పది నిమిషాల ముందు కారును తిట్టినవాళ్లే దాన్ని మెచ్చుకున్నారు.

కాక బ్యాటరీని వెనక సీటు కింద, నా రెండు పాదాల మధ్య పెట్టాడు. "మధ్యల ఆగితే మళ్ల ఎవడు లేపుతడు? నేనే నడుపుత. నువ్వు పక్కపొంటి కూసో కొడుకా, రోగమున్నోనివి." తన కారు తాను నడుపుకుందామనుకున్న బావ పక్క సీట్లో కూర్చున్నాడు. చెల్లెలు నా పక్కన కూర్చుంది. తిరిగి ఎవరు తెస్తారన్న నా ప్రశ్నకు జవాబు ఎట్టకేలకు దొరికింది. డొక్కు బండి యజమాని.

జగిత్యాల దాటుతుండగా హెల్ప్‌లైను నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మా టెక్నీషియన్ ఇప్పుడే బయలుదేరారు. మా సేవకు ఎన్ని మార్కులు వేస్తారు?" బావ ఫోన్ నాకు ఇచ్చాడు. లెక్క నాది కదా. పదికి ఎంత వెయ్యాలో తేల్చుకునేలోపు ఫోన్ కట్ అయింది.

దారిలో ఎక్కడా ఇంజన్ ఆపలేదు. టీ కూడా కిటికీలోంచే. విమానాశ్రయంలో దింపే చోట ఆగగానే ఒక సిపాయి ఈల ఊదుతూ వచ్చాడు. ఆగకూడదు, కదలాలి. ఇంజన్ ఆపకూడదు, ఆపితే లేవదు. రెండు వైపుల నుంచీ అదే ఆజ్ఞ. బావ దిగాడు, సామాను దిగింది. చెల్లెలు కిటికీలోంచి చెయ్యి చాచింది. ఆయన పట్టుకోబోయేసరికి ఈల మళ్లీ మోగి, కాక కారు ముందుకు కదిలించాడు.

"మందులు సంచి పైన అరల పెట్టిన!" అని ఆమె వెనక్కి తిరిగి అరిచింది. విన్నాడో లేదో తెలియదు. అద్దంలో చూస్తే సంచిని గుండెకు ఆనించుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

విమానం ఎక్కాడు. వీసా నిలిచింది.

తర్వాతి శుక్రవారానికి నేను కోరుట్లలోనే ఉన్నాను. సిరిసిల్లలో సాంచాలు నడవడం లేదు కాబట్టి తొందరేమీ లేదు. కారులో కొత్త బ్యాటరీ ఉంది. నాలుగు రోజులుగా చెల్లెలు పొద్దున్నే కాకను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట ఖాళీ జాగాలో తిప్పుతోంది. వేగం మాత్రం నేను పక్కన నడుస్తూ కొలవగలిగినంత.

ఇంటి ముందు ముగ్గురం కారెక్కి కూర్చోగానే ఫోన్ మోగింది. ఎప్పటిలాగా అద్దాల బజారు కాదు. బావ ఒక మంచం మీద కూర్చుని ఉన్నాడు. దాని మీద ఇంకో మంచం. ఎదురుగా ఇంకో రెండు. గోడకు వేలాడుతున్న తడి బనియన్లు. తలుపు దగ్గర కుప్పగా చెప్పులు. ఎవరో దగ్గుతున్నారు. ఆయన ఫోన్‌ను మెల్లగా చుట్టూ తిప్పాడు. చెల్లెలు ఫోన్‌ను దగ్గరికి పెట్టుకుని చూసింది.

"ఫ్యాన్ తిరుగుతలేదా?" అంది.

"ఖరాబైంది. చేస్తమన్నరు." ఫోన్ తన వైపు తిప్పుకుని, "బండి చాలు చేసినవా?"

"చేసిన."

"నాకు సప్పుడు ఇనవడ్తలేదు. బ్రేకు తొక్కినవా?"

ఆమె ఫోన్‌ను ముందు పలక మీద ఆనించింది. కాక సీటు బెల్టు గట్టిగా పట్టుకున్నాడు. నేను వెనక సీట్లో ముందు జాగ్రత్తగా కాళ్లు ముడుచుకున్నాను. ఎదురింటి గోడ మెల్లగా పక్కకు జరిగింది. ఆ తర్వాత కరెంటు స్తంభం, ఆ తర్వాత కిరాణా కొట్టు.

"ఏయ్, గోడ జరుగుతున్నదేంది? ఎటు పోతున్నవే?" బావ గొంతు ఫోన్లోంచి అరిచింది. "బ్రేకు! బ్రేకు తొక్కు!"

"నిలవడ్డప్పుడు తొక్కుమంటివి గదా," అంది చెల్లెలు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఇది నడుస్తున్నది."